ఉప్పు పద్దులో బీరు కలవకూడదు

బియ్యం, పప్పు, సబ్బు కొనే అంగట్లోనే బీరు సీసా కూడా దొరికితే తప్పేంటి? అమెరికాలోనో లండన్‌లోనో ఉండి వచ్చిన మన పిల్లలు అడిగే ప్రశ్న ఇది. అక్కడ పాల డబ్బాలు పెట్టిన స్టోరులోనే బీరు పెడతారు, కావలసినవాడు కొనుక్కుపోతాడు, వైన్ షాపు ముందు తోపులాట ఉండదు అంటారు. మన దేశంలోనూ గోవాలో చాలా జనరల్ స్టోర్లలో మందు దొరుకుతుంది. కాబట్టి ఇదేదో గాలి కబురు కాదు. మనం ఉంటున్న కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడు, ఒడిశా, యానాంలలో రేపో మాపో ఎవరో ఒకరు ఈ ఫైలు కదుపుతారు. అప్పుడు చూద్దాంలే అని కూర్చుంటే, మనం నోరు తెరిచేసరికి జీవో వచ్చేసి ఉంటుంది.

మహారాష్ట్రలో ఈ ఫైలు ఒకసారి కదిలింది కూడా. 2022 జనవరి 27న అక్కడి మంత్రివర్గం సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మకానికి ఒప్పుకుంది. బీరు కాదు, వైన్ మాత్రమే. అదీ 100 చదరపు మీటర్లు, అంటే సుమారు 1,076 చదరపు అడుగులు మించిన దుకాణాల్లోనే. వైన్ కోసం విడిగా ఒక అలమార పెట్టాలన్నారు. లైసెన్సు ఫీజు 5,000 రూపాయలు. గుడికీ బడికీ దగ్గరగా ఉన్న దుకాణాలకు ఇవ్వమన్నారు. మద్యనిషేధం ఉన్న జిల్లాలకు ఇది వర్తించదన్నారు. ద్రాక్ష రైతుకు మేలు జరుగుతుందని ప్రభుత్వం చెప్పింది. ప్రతిపక్షంలో ఉన్న బీజేపీ మండిపడింది. అన్నా హజారే ఆమరణ దీక్షకు దిగుతానన్నారు. చివరికి జనం అభిప్రాయం అడిగాకే ముందుకు వెళ్తామని సర్కారు చెప్పింది, ఆయన దీక్ష మానుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో జమ్మూకశ్మీర్ పాలనా మండలి పట్టణాల్లోని డిపార్ట్‌మెంటల్ స్టోర్లలో బీరు అమ్మకానికి ఆమోదం తెలిపింది. అంటే వైన్‌తో మొదలైన మాట ఏడాది తిరక్కుండానే బీరు దాకా వచ్చింది.

నా మట్టుకు నేను ఈ ఆలోచనకు వ్యతిరేకం. తాగడం పాపమని కాదు, తాగేవాళ్ళంతా చెడ్డవాళ్ళనీ కాదు. మన ఊళ్ళలో కిరాణా అంగడి చేసే పని వేరు, వైన్ షాపు చేసే పని వేరు. ఆ రెండూ ఒకే గల్లాపెట్టెలో కలిస్తే నష్టపోయేది ఎవరో ముందు లెక్క చూసుకోవాలి.

అవతలివాళ్ళ మాట

అమ్మనివ్వాలనే వాళ్ళ వాదనలో పస లేదని అనను. బీరు అమ్మకం ఇప్పుడూ చట్టబద్ధమే, చోటు మారితే కొంప మునుగుతుందా అంటారు. వైన్ షాపు దగ్గర ఆడవాళ్ళు, మర్యాదస్తులు నిలబడలేరు, వాళ్ళకూ కొనుక్కునే హక్కుంది కదా అంటారు. ఇది నిజమే. మన వైన్ షాపుల ముందు సాయంత్రం పూట ఉండే వాతావరణం చూస్తే మగవాళ్ళకే భయం వేస్తుంది. దూరాన ఉన్న షాపుకు బండి మీద పోయి, అక్కడే తాగి, అదే బండి మీద తిరిగొచ్చేవాడు రోడ్డు మీద ప్రాణాలు తీస్తున్నాడు, ఇంటి పక్కనే దొరికితే ఆ ప్రమాదం తప్పుతుంది అంటారు. ఇందులోనూ కొంత నిజం ఉంది.

ఇంకో మాట చిన్న వ్యాపారి గురించి. పెద్ద సూపర్ మార్కెట్లు వచ్చాయి, ఫోన్లో నొక్కితే సరుకులు ఇంటికొస్తున్నాయి. కిరాణా అంగడాయనకు కిలో చక్కెర మీద మిగిలేది ఎంత? బీరు పెట్టుకోనిస్తే నాలుగు రూపాయలు చూస్తాడు కదా అంటారు.

కానీ మహారాష్ట్ర నిబంధనను మళ్ళీ ఒకసారి చూడండి. వెయ్యి చదరపు అడుగులు దాటిన దుకాణం మన వీధుల్లో ఎంతమందికి ఉంది? ఇంటి ముందు గదిలో అంగడి పెట్టుకున్నవాడికి ఆ లైసెన్సు రాదు. లైసెన్సు పెద్ద స్టోరుకు పోతుంది, దాంతో పాటే ఆయన గిరాకీ కూడా పోతుంది. చిన్నవాడి పేరు చెప్పి తెచ్చే సౌకర్యం పెద్దవాడి అలమారలో కూర్చుంటుంది. పోనీ, చిన్న అంగళ్ళకూ ఇస్తారనుకుందాం. అప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది.

బీరంటే తేలికేనా?

"విస్కీ కాదు కదా, బీరే కదా" అనే మాట వింటుంటాం. బీరు దొరికితే జనం ఘాటు మందు మానేసి దీనికి మళ్ళుతారని కూడా చెప్తారు. మన మార్కెట్లో ఎక్కువగా పోయేది స్ట్రాంగ్ బీరు. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం 5 శాతం దాటి 8 శాతం దాకా ఆల్కహాల్ ఉన్నది స్ట్రాంగ్ కిందికి వస్తుంది. 8 శాతం ఉన్న 650 మిల్లీలీటర్ల సీసా తీసుకోండి. అందులో అసలు ఆల్కహాల్ 52 మిల్లీలీటర్లు. మామూలు విస్కీ, బ్రాందీలో ఉండేది 42.8 శాతం. 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో దాదాపు 26 మిల్లీలీటర్లు. అంటే ఒక స్ట్రాంగ్ బీరు సీసా రెండు పెద్ద పెగ్గులతో సమానం. రెండు సీసాలు తాగి "బీరే తాగాను" అనేవాడు నాలుగు పెద్ద పెగ్గులు వేసినట్టే. చల్లగా ఉంటుంది కాబట్టి శరీరం మోసే బరువు తగ్గదు.

ప్రభుత్వాలూ బీరును ఉట్టి డ్రింకుగా చూడటం లేదు. మహారాష్ట్రలో గట్టి మద్యానికి 25 ఏళ్ళు నిండాలి, మైల్డ్ బీరు, వైన్‌కైనా 21 ఏళ్ళు ఉండాల్సిందే.

అంగడి అంటే అప్పు పుస్తకం

ఇప్పుడు మన ఊళ్ళ సంగతికి వద్దాం. నగరంలో సూపర్ మార్కెట్టుకు పోతే బిల్లు కట్టి బయటికి వస్తాం. మన ఊళ్ళలో అలా కాదు. సిరుగుప్ప, సింధనూరు, గంగావతి వైపు తుంగభద్ర ఆయకట్టులోని మన తెలుగువాళ్ళ క్యాంపులు చూడండి. సరుకులన్నీ పద్దు మీదే వస్తాయి. వడ్లు అమ్మిన నాడో, మిరప, పత్తి డబ్బులు వచ్చిన నాడో లెక్క తీరుస్తారు. షోలాపూరులో మగ్గం కూలి, బీడీల కూలి మీద బతికే మనవాళ్ళకూ వారమో నెలో చూసి ఖాతా కట్టే అంగడి ఒకటి ఉంటుంది. హోసూరు పక్క పల్లెల్లో అయినా, బరంపురం వీధుల్లో అయినా పేరు మారుతుందేమో గానీ పద్ధతి ఇదే. చేతిలో డబ్బు లేని రోజున ఇంట్లో పొయ్యి వెలిగించేది ఆ పద్దు పుస్తకమే.

ఈ పుస్తకంలో బీరు రాయడం మొదలైతే ఏమవుతుందో ఉదాహరణకు ఒక చిన్న లెక్క వేద్దాం. ఇంటి సరుకుల పద్దు నెలకు 4,000 రూపాయలు అనుకుందాం. సీసా 150 రూపాయల చొప్పున వారానికి మూడు సీసాలు. నాలుగు వారాలకు 12 సీసాలు, 1,800 రూపాయలు. పద్దు 5,800 అయింది. ఈ 1,800 ఎక్కడిదని ఇంటి ఇల్లాలు అడిగితే? పుస్తకంలో "సామాన్లు" అని ఉంటుంది. నూనె ధర పెరిగిందని చెప్తారు. తెచ్చుకున్నవాడు చెప్పడు, అంగడాయన తన గిరాకీని ఎందుకు పోగొట్టుకుంటాడు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ ఉప్పు, చింతపండు మధ్యలో దాక్కుంటాడు.

లైసెన్సున్న వైన్ షాపులో ఎన్ని లోపాలున్నా ఒక మంచి ఉంది. అక్కడ డబ్బు పెడితేనే సీసా వస్తుంది. జేబులో ఉన్నంతకే తాగుడు ఆగుతుంది. జేబు ఖాళీ అయితే ఇంటికి తెలుస్తుంది, గొడవైనా జరుగుతుంది. పద్దు మీద తాగేవాడికి ఆ హద్దు ఉండదు. గొలుసు దుకాణాలు నడిచిన ఊళ్ళలో జరిగింది ఇదే. బెల్టు షాపువాడు అప్పు మీద క్వార్టరు ఇస్తాడు, పంట చేతికొచ్చిన రోజు కళ్ళం దగ్గరికే వచ్చి నిలబడతాడు. రేపు ఆ పని బియ్యం ఇచ్చే మనిషే చేస్తే ఇంటావిడ ఎవరితో పోట్లాడుతుంది? బీరు బాకీ కట్టమంటే బియ్యం బాకీ కూడా ఆగుతుంది. పద్దు ఆపేస్తానన్న ఒక్క మాటతో ఆమె నోరు మూయించొచ్చు.

చీటీ పట్టుకొచ్చే పిల్లలు

ఇంకో ముఖ్యమైన సంగతి. కిరాణా అంగడికి ఎక్కువగా పంపేది పిల్లల్నే. చీటీ రాసిచ్చి సంచి చేతికిస్తాం. ఎనిమిదేళ్ళ పాప పంచదార, అగ్గిపెట్టె తెచ్చేది అలాగే. ఆ చీటీలో చివర ఒక బీరు రాస్తే? అంగడాయన ఆ పిల్ల తండ్రిని ఎరుగును, ఎవరికోసమో తెలుసు, సంచిలో పెట్టి పంపేస్తాడు. చెడ్డవాడై కాదు, రోజూ చేసే పనే కాబట్టి. వైన్ షాపు కౌంటరు ముందు పిల్లాడు నిలబడితే పదిమంది కళ్ళు పడతాయి, ఎవరో ఒకరు కసురుతారు. కిరాణా అంగట్లో పిల్లాడు నిలబడితే ఎవరికీ వింతగా ఉండదు.

అమ్మేవైపు చూసినా అంతే. మధ్యాహ్నం అంగడాయన అన్నానికి పోతే ఆయన భార్యో, బడి నుంచి వచ్చిన కొడుకో గల్లా దగ్గర కూర్చుంటారు. వయసు అడిగి, కార్డు చూసి, లేదని చెప్పి పంపే పని వాళ్ళ నెత్తిన పడుతుంది. ఊళ్ళో పలుకుబడి ఉన్నవాడి కొడుకు పదిహేడేళ్ళకు వచ్చి సీసా అడిగితే ఆ తల్లి కాదనగలదా? చీకటి పడ్డాక అరుగు మీద నలుగురు చేరితే వాళ్ళను లేపగలదా? చల్లటి సీసా ఎక్కడ దొరికితే అక్కడే మూత తీసే అలవాటు మనవాళ్ళది. ఆ అరుగు దాటుకుని ఆడపిల్లలు పాల ప్యాకెట్టుకు రావాలి. ఒక ఇబ్బంది తీర్చబోయి, ఆడవాళ్ళు ఇప్పటిదాకా బెరుకు లేకుండా పోతున్న ఒక్క చోటును కూడా పోగొడతాం.

దొంగచాటు అమ్మకాల మాటేంటి?

"ఇప్పుడు మాత్రం అమ్మడం లేదా? చాటుగా అమ్మేదాన్ని బాహాటం చేస్తే పన్నైనా వస్తుంది" అనేవాళ్ళున్నారు. అమ్ముతున్నారు, నిజమే. కర్ణాటకలో 2007లో సారాయి నిషేధించాక చవక మద్యం చిన్న ప్యాకెట్ల రూపంలో పల్లెలకు చేరింది. పాన్ డబ్బాల్లో, కిరాణా కొట్లలో అది దొరుకుతోందని రాయచూరు జిల్లా ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. 2019 జనవరిలో చిత్రదుర్గ నుంచి బెంగళూరు దాకా సుమారు 200 కిలోమీటర్లు వేలమంది పాదయాత్ర చేశారు. వాళ్ళంతా చలిలో నడిచింది చాటు అమ్మకానికి లైసెన్సు ఇమ్మని కాదు, ఊళ్ళోంచి తీసేయమని.

మన పక్క రాష్ట్రం చరిత్రా అదే చెప్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్ళు చదువుల కేంద్రంలో కూర్చుని మాట్లాడుకుని సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. వాళ్ళు తత్వశాస్త్రం చెప్పలేదు. ఆ సరుకు మా గుమ్మం దాకా రాకూడదు అన్నారు, అంతే. గుమ్మానికీ మందుకూ మధ్య కాస్త దూరం ఉండాలన్నది వాళ్ళు అనుభవం మీద తెలుసుకున్న సంగతి.

తర్వాతి ప్రభుత్వాలూ ఆ దూరం గురించే మాట ఇస్తూ వచ్చాయి. 2014 జూన్ 8న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా చంద్రబాబు నాయుడు చేసిన తొలి సంతకాల్లో బెల్టు షాపుల రద్దు ఒకటి. 2019లో జగన్‌మోహన్ రెడ్డి ప్రభుత్వమూ వచ్చీరాగానే బెల్టు షాపులు తీసేస్తామంది. ఒకసారి రద్దయినవాటిని ఐదేళ్ళకు మళ్ళీ రద్దు చేయాల్సి వచ్చిందంటే అవెంత మొండివో అర్థం చేసుకోవచ్చు. కాగితం మీద నిషేధం ఉన్నప్పుడే ఇంత కష్టమైతే, కాగితమే అనుమతిస్తే పట్టుకునేవాడెవడు?

సరిహద్దు లెక్క వేరు

ఈ విషయంలో బెంగళూరు, ముంబై వాళ్ళకు లేని ఒక బాధ మనకుంది. మనం గీత మీద బతుకుతున్నాం. గీతకు అటు ఒక ధర, ఇటు ఒక ధర. తమిళనాడులో 2003 నుంచి చిల్లర అమ్మకం ప్రభుత్వ సంస్థ టాస్మాక్‌దే. ఆంధ్రలో 2019లో ప్రభుత్వ దుకాణాలు వచ్చాయి, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు షాపులొచ్చాయి. పుదుచ్చేరి నిబంధనల్లో వయసు 18, కాబట్టి యానాంలోనూ అంతే. చుట్టూ ఉన్న ఆంధ్రలో మాత్రం 21.

2019 తర్వాత ఆంధ్రలో ధరలు పెంచినప్పుడు ఏం జరిగిందో మనందరం చూశాం. కర్ణాటక ప్యాకెట్లు కర్నూలు, అనంతపురం జిల్లాల్లోకి మూటలుగా పోయాయి. యానాం సరుకు గోదావరి పల్లెల్లో పట్టుబడింది. కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళలో కూలికి మోసిన కుర్రాళ్ళు ఎందరో. ఇప్పుడు గీతకు ఇవతలి ప్రతి కిరాణా అంగడికీ బీరు లైసెన్సు ఇచ్చారనుకోండి. ఆ అంగడి మన ఊరి అవసరం చూసి సరుకు తెప్పించదు, అవతలి ఊళ్ళ గిరాకీ చూసి తెప్పిస్తుంది. బియ్యం మూటల చోట బీరు కేసులు పేరుస్తారు. మన వీధులు గోదాములవుతాయి, మన పిల్లలు మోతగాళ్ళవుతారు. పన్ను రాజధానికి పోతుంది, పోలీసు కేసు మాత్రం మన ఇంటికొస్తుంది.

నిషేధం అడగడం లేదు

అలాగని పూర్తిగా మూసేయమని నేను అనను. ఆ మందు కూడా వేసి చూశారు. ఆంధ్రలో 1995 జనవరిలో పెట్టిన సంపూర్ణ నిషేధం 1997లో పోయింది. మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న చంద్రపూర్ జిల్లాలో 2015 ఏప్రిల్‌లో నిషేధం పెట్టి 2021లో ఎత్తేశారు. దొంగ వ్యాపారం, నేరాలు పెరిగాయన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. పక్కనే గడ్చిరోలిలో 1993 నుంచి నిషేధం ఉంది. సిరోంచలో నిలబడి చూస్తే నదికి అవతల తెలంగాణ కనిపిస్తుంది, అక్కడ మందు దొరుకుతుంది. నది మీద గోడ కట్టలేం కదా.

తాగాలనుకున్న పెద్దమనిషి తన డబ్బుతో లైసెన్సున్న షాపులో కొనుక్కోవచ్చు. దాన్ని ఎవరూ అడ్డుకోనక్కర్లేదు. ఆ షాపుకు వేళలు ఉంటాయి, తనిఖీ ఉంటుంది, వయసు చూసే బాధ్యత ఉంటుంది, ముఖ్యంగా అప్పు ఉండదు. ఆడవాళ్ళు అక్కడికి పోలేకపోతున్నారంటే ఆ షాపునే బాగుచేయాలి. దీపం పెట్టాలి, ముందు తాగుతూ నిలబడేవాళ్ళను పంపేయాలి. వైన్ షాపు బాగాలేదని కిరాణా అంగడిని వైన్ షాపు చేయడం, బావి నీళ్ళు బాగాలేవని కుండ పగలగొట్టడం లాంటిది.

మనం అడగాల్సినవి మూడున్నాయి. ఒకటి, ఏ రాష్ట్రమైనా ఇలాంటి ఆలోచన చేస్తే సరిహద్దు తాలూకాల్లో గ్రామసభ పెట్టి, ఆడవాళ్ళ మాట విన్నాకే ముందుకు పోవాలి. రెండు, ఇప్పుడు చాటుగా జరిగే అమ్మకాలకు చిన్న అంగడాయన్ని పట్టుకుని ఫొటో తీయించుకోవడం కాదు, ఆ సరుకు ఏ లైసెన్సు షాపు నుంచి వచ్చిందో చూసి దాని మీద చర్య తీసుకోవాలి. పెట్టెల కొద్దీ సరుకు నడుచుకుంటూ రాదు. మూడు, ఎక్సైజు వాళ్ళ ఫిర్యాదు నంబరు బోర్డులు మన ఊళ్ళలో తెలుగులోనూ రాయాలి. 15 శాతం, అంతకు మించి భాషా అల్పసంఖ్యాకులున్న చోట ముఖ్యమైన ప్రకటనలు వాళ్ళ భాషలో కూడా ఇవ్వాలన్నది కొత్త కోరిక కాదు, భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లో ఎప్పటి నుంచో ఉన్న మాట. కన్నడం, మరాఠీ, తమిళం, ఒడియా మాట్లాడటం వచ్చినా చదవడం రాని అమ్మలు మనలో చాలామంది ఉన్నారు. ఫిర్యాదు చేయాల్సింది వాళ్ళే, నంబరు చదవలేనిదీ వాళ్ళే.

ఈలోపు మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ఈ నెల పద్దు కట్టేటప్పుడు పుస్తకం అడిగి తీసుకుని, ఒక్కో వరుసా చదివి, "సామాన్లు" అని ఉన్న చోట ఏ సామాన్లని అడగండి. మర్యాదగానే అడగండి. మంచి అంగడాయన అయితే చెప్తాడు.